నల్లగుడ్డుకు గాలి కావాలి: కంటి పరీక్ష, కాంటాక్ట్ లెన్స్ సంరక్షణ

కంటి పరీక్షలో రెండు పనులు ఉంటాయి. చూపు ఎంత ఉందో కొలవడం ఒకటి, కన్ను ఆరోగ్యంగా ఉందో లేదో చూడడం మరొకటి. శంషాబాద్ విమానాశ్రయం చుట్టుపక్కల ఉన్న మామిడిపల్లి, పహాడీషరీఫ్, తుక్కుగూడ వంటి ఊళ్లలో చాలామందికి ఈ పరీక్ష కళ్లద్దాల షాపులోనే మొదలవుతుంది. సైట్ వచ్చిందని అనుమానం కలిగినవారు షాపుకు వెళ్తారు. మిషన్ ముందు గడ్డం ఆనిస్తారు. రెండు నిమిషాల్లో ఎన్ని పాయింట్లు ఉందో చీటీ మీద అచ్చై వస్తుంది. ఆ చీటీతో అయ్యేది మొదటి పనిలో సగమే. మిగిలిన సగమూ, రెండో పని మొత్తమూ చదువుకున్న మనిషి కూర్చుని చేయాల్సినవి. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకోవాలనుకునేవారికి ఆ రెండో పని మరీ ముఖ్యం.

ఆ మనిషి ఎవరన్నది ముందుగా తెలుసుకోవాలి. అద్దాలు కోసి ఫ్రేములో బిగించి ఇచ్చేవారు ఆప్టీషియన్లు. చూపు పరీక్షించి, నంబరు తేల్చి, లెన్స్ అమర్చి, జబ్బు లక్షణాలు కనబడితే డాక్టరు దగ్గరికి పంపేవారు ఆప్టోమెట్రిస్టులు. ఇది నాలుగేళ్ల డిగ్రీ చదువు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ వృత్తిని కూడా తన పరిధిలోకి తీసుకుంది. మందు రాసి, ఆపరేషన్ చేసేవారు కంటి డాక్టర్లు. పరీక్ష చేస్తున్నది ఈ ముగ్గురిలో ఎవరో అడిగే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది. అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

మంచి పరీక్ష ప్రశ్నలతో మొదలవుతుంది. దూరం కనబడడం లేదా, దగ్గరదా? తలనొప్పి ఉందా? షుగర్, బీపీ ఉన్నాయా? ఇంట్లో ఎవరికైనా నీటికాసులు (గ్లకోమా) ఉన్నాయా? ఏ పని చేస్తారు, ఏ వేళల్లో చేస్తారు? కార్గోలో రాత్రి డ్యూటీ చేసే మనిషికీ, ఇంటి దగ్గర మిషన్ కుట్టుకునే మనిషికీ కావలసిన అద్దాలు ఒకటి కావు. తర్వాత అక్షరాల చార్టు. డచ్ కంటి వైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ 1862లో రూపొందించిన చార్టే నేటికీ దీనికి ఆధారం. 6 మీటర్ల దూరం నుంచి, మామూలు చూపు ఉన్నవారు చదవగలిగిన వరుసను చదివితే చూపు 6/6. 6/18 అంటే మామూలు చూపు ఉన్నవారు 18 మీటర్ల నుంచి పోల్చుకునే అక్షరాన్ని ఈ మనిషి 6 మీటర్ల దగ్గరికి వస్తే తప్ప పోల్చుకోలేడని అర్థం. తెలుగు అక్షరాల చార్టులు ఉన్నాయి. చదువు రానివారికి గీతలు ఎటు తిరిగి ఉన్నాయో చేత్తో చూపించే చార్టు ఉంది. చదువు రాదని చెప్పి పరీక్ష తప్పించుకోవలసిన పని లేదు.

ఆ తర్వాత నంబరు. మిషన్ ఇచ్చేది అంచనా మాత్రమే. అనుభవమున్న ఆప్టోమెట్రిస్టు రెటినోస్కోపు అనే చిన్న దీపంతో కంట్లోకి వెలుగు పంపి, అది తిరిగి వచ్చే తీరును బట్టి లెక్క కడతారు. ఆపైన ఒక్కో అద్దం మారుస్తూ ఏది స్పష్టంగా ఉందో మనిషినే అడిగి తేలుస్తారు. పిల్లల దగ్గర మిషన్ చీటీని నమ్మి అద్దాలు రాయడం పెద్ద పొరపాటు. పిల్లల కంటిలోని కండరం బలంగా బిగుసుకుని లేని మైనస్‌ను చూపిస్తుంది. అందుకే చుక్కల మందు వేసి, ఆ కండరాన్ని సడలించి చూస్తారు. ఆ పూట బడికి పోలేరని తల్లిదండ్రులు విసుక్కోవచ్చు, కానీ ఆ చుక్కలు లేకుండా పిల్లల నంబరు నమ్మదగింది కాదు. ఒక కంటికి చూపు తక్కువై రెండో కంటితోనే నెట్టుకొస్తున్న పిల్లలు దొరికేది కూడా ఇక్కడే. ఏడెనిమిదేళ్ల లోపు పట్టుకుంటే ఆ బద్ధకపు కన్ను బాగుపడే అవకాశం ఎక్కువ. వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది.

నంబరు తేలాక కంటి ఆరోగ్యం సంగతి. స్లిట్ ల్యాంప్ అనే మైక్రోస్కోపుతో రెప్పలు, తెల్లగుడ్డు, నల్లగుడ్డు (కార్నియా అనే ముందరి పారదర్శక పొర), లోపలి కటకం చూస్తారు. కంటిశుక్లం ఇక్కడే కనబడుతుంది. కంటి ఒత్తిడి కొలుస్తారు. సాధారణంగా అది 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం వరకు ఉంటుంది. ఒత్తిడి మామూలుగా ఉన్నా కంటి నరం దెబ్బతినే రకం నీటికాసులు కూడా ఉన్నాయి కనుక నరాన్ని కూడా చూడాలి. షుగర్ ఉన్నవారు, చూపు బాగున్నా సరే, ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. 40 దాటి చత్వారం వచ్చినవారు దగ్గరి అద్దాలకని వచ్చినప్పుడే ఈ పరీక్షలన్నీ చేయించుకుంటే, నొప్పి లేకుండా లోలోపల పెరిగే నీటికాసులు బయటపడతాయి. బజారులో దొరికే రెడీమేడ్ రీడింగ్ గ్లాసులతో అక్షరాలు కనబడతాయి. ఈ అవకాశం మాత్రం పోతుంది.

అద్దాల లోటు ఎంత పెద్దదో హైదరాబాద్ నుంచి జరిగిన ఒక సర్వే చూపించింది. ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య విజ్ఞాన సంస్థ 1996 నుంచి 2000 వరకు హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 10,293 మందిని పరీక్షించింది. చూపు కోల్పోయినవారు నూటికి 1.84 మంది అని తేలింది. కారణాల్లో కంటిశుక్లం మొదటిది. విస్తుపోవలసిన సంగతి మరొకటి ఉంది. ఆ అంధత్వంలో నూటికి 16 పాళ్లు సరైన అద్దాలు లేకపోవడం వల్ల వచ్చినదే. ఒక కళ్లజోడుతో పోయే గుడ్డితనం అది. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ కంటి వెలుగు కార్యక్రమం ఊరూరా శిబిరాలు పెట్టి ఈ లోటు మీదే పనిచేసింది. 2023 జనవరిలో దాని రెండో విడత మొదలైంది. శిబిరంలో అద్దాలు అందుకున్నవారు గుర్తుంచుకోవలసింది, ఆ నంబరు జీవితాంతం ఉండదని.

కంటి వైద్యుడు గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో మొదలుపెట్టిన ఎల్.వి. ప్రసాద్ సంస్థ కంటి వైద్యాన్ని అంచెలుగా కట్టింది. దాదాపు 50 వేల జనాభాకు ఒక విజన్ సెంటర్, అందులో ఆ ప్రాంతపు యువతీ యువకుల నుంచే తీసుకుని ఏడాది శిక్షణ ఇచ్చిన విజన్ టెక్నీషియన్. దాని పైన 5 లక్షల జనాభాకు ఒకటి చొప్పున, ఆపరేషన్ చేయగల ఆసుపత్రి. ఆపైన పెద్ద కేంద్రాలు. సంస్థ గ్రామీణ విభాగం నడిచేది శంషాబాద్‌కు దగ్గరలోని కిస్మత్‌పూర్ నుంచే. ప్రధాన ఆసుపత్రి బంజారాహిల్స్‌లో ఉంది. మెహిదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. మామిడిపల్లిలో ఉన్నవారికి షాపులో తేలని విషయం తేల్చుకునే చోట్లు అందనంత దూరంలో లేవు.

ఇక కాంటాక్ట్ లెన్స్. అద్దం కంటికి 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. లెన్స్ నల్లగుడ్డు మీదే, కన్నీటి పొర మీద తేలుతూ ఉంటుంది. అందువల్ల అద్దాల చీటీ తీసుకుపోయి లెన్స్ కొనడం కుదరదు. నంబరు 4 దాటితే లెక్కే మారుతుంది. మైనస్ 6 అద్దాలు వాడేవారికి లెన్స్ మైనస్ 5.5 దగ్గర సరిపోతుంది. నల్లగుడ్డు వంపు కొలవాలి. కన్నీరు చాలినంత ఉందో చూడాలి. రెప్పల అంచుల్లో పొట్టు, వాపు ఉంటే ముందు వాటికి వైద్యం చేయాలి. ఆ వంపు అన్ని వైపులా ఒకేలా లేక సిలిండర్ నంబరు వచ్చినవారికి టోరిక్ లెన్స్ కావాలి. ఆపైన ట్రయల్ లెన్స్ పెట్టి, కాసేపు ఆగి, రెప్ప కొట్టినప్పుడు అది కొద్దిగా కదులుతోందో లేదో స్లిట్ ల్యాంపులో చూస్తారు. కదలని లెన్స్ మొదటి గంటలో హాయిగా ఉంటుంది, కానీ దాని కింద కన్నీరు మారదు, మలినం నిలిచిపోతుంది. చివరగా, పెట్టుకోవడం, తీయడం అక్కడే నేర్పి, సొంతంగా చేసి చూపించాకే ఇంటికి పంపాలి. ఇవేమీ లేకుండా డబ్బా చేతిలో పెట్టి పంపేచోట లెన్స్ కొనకపోవడమే మంచిది. పెళ్లిళ్ల సీజన్లో అందం కోసం కొనే రంగు లెన్సులకూ, నంబరు సున్నా అయినా సరే, ఇదే పరీక్ష కావాలి. అవి అక్కాచెల్లెళ్లు మార్చుకుని పెట్టుకునే వస్తువులు కావు.

నల్లగుడ్డుకు రక్తనాళాలు లేవు. ఉంటే పారదర్శకంగా ఉండేది కాదు. దానికి కావలసిన ప్రాణవాయువు ఎక్కువగా బయటి గాలి నుంచి, కన్నీటిలో కరిగి అందుతుంది. రెప్ప మూస్తే ఆ సరఫరా దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. అందుకే నిద్రలో నల్లగుడ్డు ఏ లెన్సూ లేకుండానే 3, 4 శాతం ఉబ్బుతుంది, మెలకువ వచ్చాక తగ్గుతుంది. మూసిన రెప్పకు లెన్స్ కూడా తోడైతే ఆ కొద్ది గాలీ సరిగా అందదు. కాంటాక్ట్ లెన్స్ చరిత్ర అంతా ఈ గాలి కోసం జరిగిన ప్రయత్నమే. 1880లలో వచ్చిన మొదటి లెన్సులు గాజువి, కొద్ది గంటలకు మించి భరించలేనివి. 1961 చివర చెక్ రసాయన శాస్త్రవేత్త ఒట్టో విచ్టర్లే నీటిని పీల్చే మెత్తని ప్లాస్టిక్‌తో, పిల్లల ఆటవస్తువుల సెట్టుతో కట్టిన యంత్రం మీద, ఇంట్లోనే మెత్తని లెన్సులు తీశాడు. 1971లో అవి అమెరికా బజారుకు వచ్చాయి. మెత్తగా ఉన్నాయి కదా అని జనం వాటితోనే నిద్రపోసాగారు. 1989లో అమెరికాలో వచ్చిన లెక్కల ప్రకారం, పగలు మాత్రమే మెత్తని లెన్స్ పెట్టుకునేవారిలో ఏడాదికి 10 వేల మందిలో 4 మందికి నల్లగుడ్డు పుండు వస్తే, రాత్రి కూడా ఉంచుకునే రకం వాడేవారిలో 21 మందికి వచ్చింది. ఐదు రెట్లు ఎక్కువ.

ఈ కథలో హైదరాబాద్‌కు గొప్ప పాత్ర ఉంది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త బ్రయన్ హోల్డెన్ 1984లో తన సహచరుడు జార్జ్ మెర్ట్జ్‌తో కలిసి రాత్రంతా ఉంచుకునే లెన్స్ ఎంత గాలిని పోనివ్వాలో లెక్క కట్టాడు. 1990లలో ఆయన సిడ్నీ బృందమూ, ఎల్.వి. ప్రసాద్ సంస్థ పరిశోధకులూ కలిసి హైదరాబాద్‌లో లెన్సులతో నిద్రపోయేవారిని నెలల తరబడి దగ్గరగా పరిశీలించారు. తెల్లవారుజామున కన్ను ఎర్రబడి, నొప్పితో లేచినవారి లెన్సులను ప్రయోగశాలలో పరీక్షిస్తే, కొందరి లెన్సుల మీద మనుషుల ముక్కు, గొంతుల్లో ఉండే హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అనే బ్యాక్టీరియా కనబడింది. 1996లో, 1999లో అచ్చైన ఆ పరిశోధనలను ప్రపంచమంతటా లెన్స్ నిపుణులు చదివారు. జలుబు, గొంతు నొప్పి ఉన్న రోజుల్లో లెన్స్ మానేసి కళ్లజోడు పెట్టుకోమనే సలహాకు ఈ నగరంలోనే ఆధారం దొరికింది. 1999లో గాలిని బాగా పోనిచ్చే సిలికాన్ హైడ్రోజెల్ లెన్సులు బజారుకు వచ్చాయి. వాటితో వాపు తగ్గింది. రాత్రి ఉంచుకుంటే పుండు పడే ప్రమాదం మాత్రం పోలేదు, ఎందుకంటే ఆ ప్రమాదానికి గాలి లోటుతో పాటు సూక్ష్మజీవులు కూడా కారణం.

విమానాశ్రయం చుట్టూ బతికేవారికి ఈ సంగతి నేరుగా తగులుతుంది. డ్యూటీలు మారుతూ ఉంటాయి. 16 గంటలు మేలుకుని వచ్చి బట్టలతోనే మంచమెక్కినప్పుడు లెన్స్ తీయడం మరిచిపోతారు. క్యాబ్‌లో కునుకు తీసినా నిద్ర నిద్రే. విమానం లోపల గాలిలో తేమ 20 శాతం కన్నా తక్కువ. అక్కడ లెన్స్ ఆరిపోయి గరగరలాడుతుంది. రన్‌వే పక్కన, లారీలు తిరిగే రోడ్ల మీద దుమ్ము సరేసరి. బైకు మీద వెళ్లేవారు హెల్మెట్ అద్దం దించుకోవాలి. ఇలాంటి ఉద్యోగాలు చేసేవారికి ఏ రోజుకారోజు పారేసే లెన్సే అన్నిటికన్నా క్షేమం. ఖర్చు ఎక్కువన్నది నిజమే, కానీ కడగడం, డబ్బా, ద్రావణం అన్న మూడు బాధలూ అందులో ఉండవు. సంచిలో కళ్లజోడు మాత్రం ఎప్పుడూ ఉండాలి.

నెలవారీ లెన్సులు వాడేవారు చేయవలసిన పని రోజుకు ఐదు నిమిషాలది. సబ్బుతో చేతులు కడిగి, పోగులు రాలని గుడ్డతో పూర్తిగా తుడుచుకోవాలి. తీసిన లెన్స్‌ను అరచేతిలో పెట్టి, నాలుగు చుక్కల ద్రావణం వేసి, రెండు వైపులా వేలితో మెల్లగా రుద్దాలి. రుద్దనక్కర్లేదని సీసా మీద రాసి ఉన్నా రుద్దడమే మంచిది, చాలా సూక్ష్మజీవులు ఆ రుద్దడంతోనే పోతాయి. మళ్లీ ద్రావణంతో కడిగి, డబ్బాలో కొత్త ద్రావణం పోసి, సీసా మీద చెప్పినన్ని గంటలు నానబెట్టాలి. నానబెట్టడానికి సెలైన్ ద్రావణం వాడకూడదు, అది కడగడానికే పనికొస్తుంది, సూక్ష్మజీవులను చంపదు. పొద్దున లెన్స్ పెట్టుకున్నాక డబ్బాలోని ద్రావణం పారబోసి, ద్రావణంతోనే కడిగి, మూతలు తీసి బోర్లించి ఆరనివ్వాలి. మూడు నెలలకోసారి డబ్బా మార్చాలి. నిన్నటి ద్రావణం మీదే మరికాస్త పోసి సరిపెట్టడం చాలామంది చేసే పొదుపు. 2006లో సింగపూర్, హాంకాంగ్, అమెరికాల్లో ఫ్యుజేరియం అనే బూజు వల్ల లెన్స్ వాడేవారి నల్లగుడ్లకు పుండ్లు వ్యాపించినప్పుడు, ఒక రకం ద్రావణాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకోవలసి వచ్చింది. పాత ద్రావణం మీద కొత్తది కలపడం ఆ ముప్పును పెంచిందని దర్యాప్తుల్లో తేలింది.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది నీళ్ల గురించి. లెన్స్‌కు నీళ్లు తగలకూడదు. బోరు నీళ్లు, ట్యాంకు నీళ్లు, క్యాన్ నీళ్లు, కాచి చల్లార్చిన నీళ్లు, ఏవైనా ఒకటే. అకాంతమీబా అనే ఏకకణజీవి నీటిలోనూ మట్టిలోనూ ఉంటుంది. గట్టి పెంకు కట్టుకుని క్లోరిన్‌ను కూడా తట్టుకుంటుంది. అది నల్లగుడ్డులో చేరితే నెలల తరబడి వైద్యం చేయాల్సి వస్తుంది, నొప్పి భరించలేనంతగా ఉంటుంది. 1980లలో అమెరికాలో ఇంట్లో ఉప్పు బిళ్లలు కరిగించి సెలైన్ తయారుచేసుకున్న లెన్స్ వాడకందారుల్లో ఈ జబ్బు ఎక్కువగా బయటపడింది. మన దగ్గర లెన్స్ వాడనివారిలో కూడా, కలుషితమైన నీళ్లు, మట్టి కంట్లో పడి ఇది వస్తున్నట్టు హైదరాబాద్ వైద్యులు రాశారు. అంటే ఈ జీవి మన నీళ్లలో ఉంది. స్నానానికి, ఈతకు, వర్షంలో తడవడానికి ముందు లెన్స్ తీసేయాలి. ఉమ్ముతో తడిపి పెట్టుకోవడం అసలే కూడదు. కాటుక, సుర్మా పెట్టుకునేవారు ముందు లెన్స్, తర్వాత కాటుక. తీసేటప్పుడు కూడా ముందు లెన్సే.

కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేక, నీరు కారుతుంటే లెన్స్ వెంటనే తీసేయాలి. తీశాక కూడా తగ్గకపోయినా, నల్లగుడ్డు మీద తెల్లని చుక్క కనబడినా అది అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన విషయం. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఒకటి రెండు రోజుల్లోనే నల్లగుడ్డును తినేయగలదు. లెన్స్‌ను, డబ్బాను పారేయకుండా వెంట తీసుకుపోవాలి, వాటి నుంచే ప్రయోగశాలలో కారణం దొరకవచ్చు. డాక్టరు పుండును కొద్దిగా గీకి, బ్యాక్టీరియానా, బూజా, అమీబానా తేల్చి ఆ మందే ఇస్తారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజులు ఎరుపు తగ్గినట్టుంటుంది, లోపల బూజు విజృంభిస్తుంది. పసరు, చనుబాలు, ఆముదం కంట్లో వేయడం వల్ల మానవలసిన పుండ్లు కూడా చూపు పోయేదాకా వెళ్తాయి. పొలంలో వరి కర్ర తగిలి కన్ను గీరుకున్నవారికీ ఇదే మాట వర్తిస్తుంది. దక్షిణ భారతంలో బూజు పుండ్లకు అటువంటి దెబ్బలే పెద్ద కారణం.

ఇబ్బంది ఏమీ లేకపోయినా లెన్స్ వాడేవారు మొదటి వారంలో ఒకసారి, నెల తర్వాత మరోసారి, ఆపైన ఏడాదికి కనీసం ఒకసారి నల్లగుడ్డు చూపించుకోవాలి. పరీక్షకు లెన్స్ పెట్టుకునే వెళ్లాలి, ముందు దాని అమరిక చూసి తర్వాత తీయించి కన్ను చూస్తారు. గాలి చాలని నల్లగుడ్డు అంచుల నుంచి సన్నని ఎర్రని నాళాలు లోపలికి పాకుతాయి. అద్దంలో అవి కనబడవు, నొప్పీ ఉండదు. స్లిట్ ల్యాంపులో కనబడితే లెన్స్ రకం మార్చి, పెట్టుకునే గంటలు తగ్గిస్తారు.

కొందరికి లెన్స్ అందానికో సౌకర్యానికో కాదు, చూపు రావడానికే కావాలి. కెరటోకోనస్ జబ్బులో నల్లగుడ్డు పలచబడి శంకువులా ముందుకు పొడుచుకు వస్తుంది, ముదిరితే అద్దాలతో చూపు సరికాదు. గాలిని పోనిచ్చే గట్టి లెన్స్ పెడితే ఆ ఎగుడుదిగుళ్లను కన్నీరు నింపి చూపు నిలబడుతుంది. ఈ జబ్బు ఎక్కువగా పదిహేను, ఇరవై ఏళ్ల ప్రాయంలో, కళ్లు అదేపనిగా నలుపుకునే పిల్లల్లో కనబడుతుంది. నంబరు ఆరు నెలలకోసారి మారిపోతుంటే అనుమానించి నల్లగుడ్డు పటం తీయించాలి. పెరుగుతున్న దశలో కొలాజెన్ క్రాస్‌లింకింగ్ చికిత్సతో దాన్ని ఆపుతారు, మిగిలిన చూపును లెన్స్ సరిచేస్తుంది. మందులు పడక ఒళ్లంతా పొక్కి కళ్లు ఎండిపోయిన స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ బాధితులకు, తెల్లగుడ్డు మీద ఆనుకుని లోపల నీటిని నిలిపే పెద్ద స్క్లెరల్ లెన్సులు అమరుస్తారు. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ సంస్థ ప్రోజ్ అనే పేరుతో ఈ లెన్సులను ఒక్కో కంటి కొలతకు తగ్గట్టుగా అమరుస్తోంది. వీటిలో పోసే ద్రావణం నిల్వ మందు కలవని సెలైన్ అయి ఉండాలి, పెట్టుకునే ప్రతిసారీ కొత్తది పోయాలి.